వ్యసనమునకు వైద్యము: లష్కరు చరిత్ర నేర్పు పాఠము

వ్యసనమను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. విడువరాని దురభ్యాసమని యొక యర్థము. దుఃఖము, ఆపద యని మఱియొక యర్థము. "వ్యసనపడకుము" అని పెద్దలు దుఃఖితు నోదార్చునప్పుడు రెండవ యర్థమే వారి మనసున నుండును. కాలక్రమమున త్రాగుబోతు విషయమున మనము మొదటి యర్థమును మాత్రమే నిలుపుకొని రెండవదానిని మఱచితిమి. వానిని నిందించుట నేర్చితిమి, శిక్షించుట నేర్చితిమి, వానివలన పన్ను రాబట్టుటయు నేర్చితిమి. వాడు రోగియని గుర్తించి వైద్యునియొద్దకు దీసికొనిపోవుట మాత్రము మిక్కిలి యాలస్యముగ నేర్చుకొనుచున్నాము. ఈ యాలస్యముయొక్క చరిత్ర నొక్కచోటనుండి చూడగోరువారికి సికింద్రాబాదునకు ఉత్తరమున నున్న అల్వాలు ప్రాంతముకంటె దగిన స్థలము లేదని మా యభిప్రాయము.

అల్వాలు తిరుమలగిరికిని బొల్లారమునకును నడుమనున్న గ్రామము. నేడది మహానగరములో గలసిపోయినది. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో జేరువఱకు దానికి ప్రత్యేకమైన పురపాలక సంఘముండెను. కాని యా ప్రాంతముయొక్క బ్రదుకును తీర్చినది నగరముకాదు, దండు. 1798లో నిజాము ప్రభువునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధివలన ఆంగ్ల సైన్యము హుస్సేనుసాగరమునకు ఉత్తరమున స్థిరముగ విడిసెను. 1806లో మూడవ నిజామైన సికందర్ జా పేర నా దండునకు సికింద్రాబాదని నామకరణమయ్యెను. జనులు దానిని లష్కరనియే పిలిచిరి. నేటికిని అచ్చటి బోనాలు లష్కరు బోనాలే. దండు పెరిగినకొలది తిరుమలగిరి తెల్లసైన్యమునకును, బొల్లారము నిజాము వ్యయముతో నడచిన హైదరాబాదు కంటింజెంటునకును నెలవులయ్యెను. వీని నడుమ జిక్కిన పల్లెలు దండు నానుకొని బ్రదుకవలసిన వయ్యెను. దండుయొక్క మంచియు చెడుగును వానికి సంక్రమించెను.

దూరదేశమునుండి వచ్చిన సోల్జరునకు ఇచ్చట ముగ్గురు శత్రువులుండిరి: ఎండ, జ్వరము, సారాయి. మొదటి యిద్దఱిని ప్రకృతి పంపినది. మూడవవానిని పంపినది ప్రభుత్వమే. కంపెనీ కాలమున సారాయి సోల్జరుల బత్తెములో భాగము. తరువాత పటాలపు క్యాంటీనులో నది సర్కారు అనుమతితోనే యమ్మబడెను. అది చాలనివాడు బజారులోని నాటుసారా దుకాణము వెదకికొనెను. చదువుటకు బుస్తకము, ఆడుట కాట, మాటలాడుటకు గుటుంబము లేని బారకులలో మధ్యాహ్నపు దీర్ఘకాలమును మద్యమే నింపెను. భారతదేశమందలి సైన్యముయొక్క ఆరోగ్యస్థితిని విచారించిన రాయల్ కమిషను 1863లో తన నివేదికను బ్రకటించెను. తెల్లసోల్జరులు సాలునకు వేయిమందికి 69 మంది చొప్పున మరణించుచుండిరని అందు దేలెను. దండులనుండి వచ్చిన పత్రములను జదివి వ్యాఖ్య వ్రాసిన ఫ్లారెన్సు నైటింగేలు మురికినీటిని, క్రిక్కిరిసిన బారకులను, క్యాంటీను సారాయిని ఒక్క వరుసలో నిలిపి విమర్శించెను. త్రాగుడును ఆరోగ్యశాస్త్ర విషయముగ జూచిన దృష్టి మన దండుల చరిత్రలో నచ్చటనే స్పష్టముగ గనబడును.

ఇంతలో ప్రభుత్వము రెండవచేతితో నేమి చేయుచుండెను? 1858లో తిరుమలగిరిలో సైనిక కారాగృహమును గట్టించెను. బురుజులతో సీమలోని కోటవలె గనబడు నా కట్టడము చూపరుల నాకర్షించునదే. అయినను సైనిక న్యాయమున త్రాగి విధిదప్పుట శిక్షార్హమైన నేరమను సంగతిని జ్ఞప్తియందుంచుకొని దానిని జూడవలెను. ఒకచేత సారాయి పోసి వేఱొకచేత సంకెల వేయు నీతి లష్కరులో నట్లు రాతికట్టడమై నిలిచినది. ఈ నీతి ఆంగ్లేయులతోనే ముగిసెనని యెవరైన తలచినచో, మన కాలపు ఆబ్కారీ లెక్కలను పోలీసు లెక్కలను ప్రక్కప్రక్కన బెట్టి చూచుకొనవలసినదని కోరుచున్నాము.

ఆ చీకటిలో నొక చిన్న దీపము వెలిగెను. 1862లో గెల్సన్ గ్రెగ్సన్ అను బాప్టిస్టు మిషనరీ ఆగ్రాలో సోల్జరులకొఱకు సంపూర్ణ మద్యవర్జన సంఘమును స్థాపించెను. 1888లో సర్వసేనాని ఫ్రెడరిక్ రాబర్ట్సు ప్రోత్సాహమున నది సైనిక మద్యవర్జన సంఘముగ మాఱి దేశమందలి దండులలో వ్యాపించెను. ఆ సంఘపు పద్ధతి మిక్కిలి సామాన్యమైనది. పటాలమున కొక గది. అందు తేనీరు, కాఫీ, వార్తాపత్రికలు, ఆటలు. చేరినవాడు ప్రతిజ్ఞ చేయును. మద్యము ముట్టక గడపిన కాలమునుబట్టి వానికి పతకములు లభించును. ఇందు వైద్యము లేదు, మందు లేదు. అయినను మూడు గొప్ప సత్యము లిందు దాగియున్నవి. వానిని కొలువునుండి తొలగింపలేదు. విధి నిర్వహించుచునే వాడు మద్యమును మానవలెను. మద్యపు సాంగత్యమునకు బదులు వేఱొక సాంగత్యమును జూపిరి. మానిన కాలమును దినములతో లెక్కించి గౌరవించిరి. నేడు మనము ఓ.పి. చికిత్స యనుచున్నదాని బీజములు ఈ మూడే. అయితే ఆ దీపము తెల్లబారకులలో వెలిగినది. దండునకు గూలిపని చేసిన పల్లెవాని గుడిసెవఱకు దాని వెలుగు రాలేదు.

నిజాము రాజ్యమున పల్లెవాని గతి వేఱు. ఇచ్చట తాటిచెట్టు, ఈతచెట్టు గౌడకుటుంబములకు జీవనాధారము. కల్లు గ్రామదేవతల పూజలో నొక భాగము. బోనాలపండుగలో సాక పోయుట యెఱుగనివారు తెలంగాణమున లేరు. అట్టి వృత్తిని, అట్టి యాచారమును నిందించుట మా యుద్దేశము కాదు. కాని చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము, గుత్తేదారునకు లాభము, ఖజానాకు రాబడి యను యంత్రము నడుమ త్రాగువాడు మనుష్యుడుగ గాక రాబడివనరుగ లెక్కింపబడెను. 1316 ఫసలీలో, అనగా 1907 ప్రాంతమున, హైదరాబాదు ఆబ్కారీ చట్టము పుట్టెను. పిమ్మట 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చెను. ఎవరు కాచవలెను, ఎవరు తీయవలెను, ఎవరమ్మవలెను, ఎంత కట్టవలెను అనునవియే యిట్టి చట్టముల ప్రధాన విషయములు. త్రాగి చెడినవానిని బాగుచేయు భారము ఆ రాబడిపై నుండవలెనను తలంపు చట్టకర్తలకు ముఖ్యముగ దోచలేదు.

ఆ తలంపు సంస్కర్తలకు దోచెను. రఘుపతి వేంకటరత్నంనాయుడుగారు 1904లో కాకినాడ కళాశాలకు బోవుటకు బూర్వము సికింద్రాబాదులోని మహబూబు కళాశాలకు అధ్యక్షులుగ నుండిరి. నడవడియందు పవిత్రత, మద్యవర్జనము వారి బోధలో ప్రధానములు. నగరమునందే భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, అంటరానివారని త్రోసివేయబడిన తమవారిలో హరికథలద్వారా, భజనలద్వారా విద్యను, ఆత్మగౌరవమును, మద్యవర్జనమును బోధించిరి. పండుగపేర, పెండ్లిపేర కష్టార్జితము సారాదుకాణమునకు బోవుట బానిసత్వమునకు మఱియొక సంకెల యని వారు గ్రహించిరి. ఈ మహనీయులు త్రాగువానిని పతితుడని విడువలేదు, లేవదీయదగినవాడని నమ్మిరి. కాని ప్రతిజ్ఞ చేసిన రెండవనాడే చేతులు వణకి, చెమటలుపోసి, నిద్రపట్టక మరల దుకాణమునకు బరుగెత్తినవానికి ఈయదగిన మందు ఆకాలమున వారిచేత లేదు. వాని యోటమిని లోకము వాని నీతిహీనతగ నెంచెను.

అప్పటికి వైద్యశాస్త్ర మేమి చెప్పుచుండెను? అమెరికాలో బెంజమిన్ రష్, బ్రిటనులో థామస్ ట్రాటర్ పదునెనిమిదవ శతాబ్దాంతముననే త్రాగుడు వ్యాధి లక్షణములు గలదని వ్రాసిరి. 1849లో స్వీడను వైద్యుడు మాగ్నస్ హుస్ దానికి వైద్యనామము నొసగెను. అయినను నూఱేండ్లవఱకు పిచ్చాసుపత్రియో కారాగారమో తప్ప త్రాగుబోతునకు వేఱు గతి లేకుండెను. మన ప్రాంతమునకు జాల్నాలో నున్న మానసిక చికిత్సాలయము 1953లో ఎఱ్ఱగడ్డకు మాఱెను. "ఎఱ్ఱగడ్డకు బంపవలెను" అను మాట లోకమున తిట్టుగ మాఱుటయే, జనులు ఆ ద్వారమును జూచి యెంత భయపడిరో తెలుపును. ఇంతలో 1935లో అమెరికాలోని ఏక్రను పట్టణమున ఇద్దఱు త్రాగుబోతులు, అందొకడు వైద్యుడు, ఒకరికొకరు తోడై మద్యమును మాని ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమునకు పునాదివేసిరి. 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు డైసల్ఫిరామ్ అను మందును ఈ వ్యాధికి వాడవచ్చునని ప్రకటించిరి. అప్పటినుండి క్రమముగ రోగి యింటనుండియే మందు వాడుట, సమావేశములకు వచ్చుట సాధ్యమయ్యెను.

మన దేశమున మాత్రము రాజకీయ దృష్టి దుకాణముమీదనే నిలిచెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, మఱుసటియేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము తెలుగుదేశమంతట వ్యాపించెను. అక్షరములు నేర్చుకొనుచున్న పల్లెస్త్రీలు సారాదుకాణములను మూయించిన ఘట్టము మన సంఘసంస్కరణ చరిత్రలో మిక్కిలి యుజ్జ్వలమైనది. దాని ఫలముగ 1993లో సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నది సడలింపబడెను. స్త్రీల కన్నీటినుండి పుట్టిన యా యుద్యమమును మేము శిరసువంచి గౌరవింతుము. కాని యొక్క ప్రశ్న మిగిలినది. దుకాణము మూసిననాడు ఇరువదియేండ్లు త్రాగిన వాని శరీరమునకేమి చేయవలెను? ఆ ప్రశ్నకు నిషేధమునందును, నిషేధమును దొలగించుటయందును ఉత్తరము లేదు.

ఉత్తరము లేదను సంగతి రెండుమాఱులు బహిరంగముగ దేలెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము కల్తీకల్లును అరికట్ట బూనుకొనగా నిజామాబాదు, మహబూబునగరము మున్నగు జిల్లాలలో నా కల్లునకు అలవాటుపడిన కూలీలు ఫిట్సుతో, మతిభ్రమతో ఆసుపత్రులలో గుంపులుగ జేరిరి. వారు త్రాగుచుండినది నిజమైన కల్లుకాదు; డయాజిపామ్, ఆల్ప్రజోలం వంటి నిద్రమందులు గలిపిన నీళ్లు. 2020 మార్చిలో మహమ్మారివలన మద్యపు దుకాణములు మూతపడగా కొలది దినములలోనే ఎఱ్ఱగడ్డ ఓ.పి. వద్ద మద్యము మానుటవలన బాధపడు రోగులు బారులుతీరిరి. మే 6వ తేదిన దుకాణములు తెఱచునంతవఱకు ఎందఱి యిండ్లలో నెట్టి బాధ జరిగెనో లెక్కకట్టినవారు లేరు. దుకాణము మూయుటయే చికిత్సయైనచో ఆ దినములలో రోగులు తగ్గవలసినది.

దీనికి గారణము సులభముగ జెప్పవచ్చును. మద్యము మెదడుయొక్క వేగమును దగ్గించు పదార్థము. నిత్యము త్రాగువాని మెదడు దాని కెదురుగ తన వేగమును బెంచుకొనుట కలవాటుపడును. మద్యము హఠాత్తుగ దొలగినచో నా యెదురుబలము మాత్రము మిగులును. అప్పుడు వణకు, చెమట, గుండెదడ, నిద్రలేమి. కొందఱికి మొదటి రెండుదినములలో ఫిట్సు. మఱికొందఱికి రెండు మూడుదినములకు మతిభ్రమ, లేనివి కనబడుట, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము. ఇది సంకల్పబలము లేకపోవుట కాదు, శరీరధర్మము. మధుమేహరోగిని "మనసు గట్టిచేసికొనుము, చక్కెర దిగును" అనువాడెవడును లేడు. త్రాగుబోతుతో మాత్ర మట్లే యనుచున్నాము.

ఇక ఓ.పి. చికిత్స యనగా నేమో వివరింతుము. రోగి ఇల్లు విడువడు, పని విడువడు. నియమితదినములలో వైద్యునియొద్దకు వచ్చి పోవును. మొదటినాడు వైద్యుడు నిందింపక అడుగును: ఎంత, ఎన్నాళ్లనుండి, మానిన దినములెన్ని, పూర్వము ఫిట్సు వచ్చెనా, ఇంట నెవరున్నారు? రక్తపు పోటును, కాలేయమును పరీక్షించును. వ్యాధి మితమైనదైనచో, వారముదినములపాటు క్రమముగ దగ్గించు మాత్రలను, థయామిన్ అను విటమినును ఇచ్చును. మాత్రలు ఇంటివారి చేతిలో నుండును; రోగి దినమువిడిచి దినమైన కనబడవలెను. పూర్వము ఫిట్సుగాని మతిభ్రమగాని వచ్చినవారిని, వేఱు తీవ్రరోగము గలవారిని, గర్భిణులను, చావుమాట లాడువారిని, తోడెవరును లేనివారిని ఆసుపత్రిలో జేర్చియే చూడవలెను. ఈ విచక్షణయే ఓ.పి. చికిత్సకు ప్రాణము. ఎవరిని జేర్చవలెనో తెలిసినప్పుడే, ఎవరిని ఇంటనుంచి చూడవచ్చునో తెలియును.

వారమునకు వణకు తగ్గును. అచ్చట చికిత్స ముగిసెనని తలంచుట మన యింటింట జరుగు పొరపాటు. నిజమునకు చికిత్స యచ్చట మొదలగును. కోరికను దగ్గించుటకు నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ అను మందులు గలవు. నల్లమందు జాతి మత్తులకు లోనైనవారికి బుప్రినార్ఫిన్, మెథడోన్ అనునవి వైద్యుని పర్యవేక్షణలో నీయబడును. డైసల్ఫిరామ్ వాడినవాడు మద్యము త్రాగినచో వాంతులు, గుండెదడ, రక్తపుపోటు పడిపోవుట సంభవించును. కావున రోగికి దెలిపి, వాని సమ్మతితోనే ఈయవలెను. విసిగిన యింటివారు కొందఱు దీనిని చారులోనో కూరలోనో రహస్యముగ గలుపుదురు. వారి బాధ మాకు దెలియును. అయినను ఆ పని ప్రాణముతో చెలగాటమని స్పష్టముగ జెప్పుచున్నాము. మందుతోపాటు మాట గావలెను. ఏ సమయమున, ఎవరితో, ఏ వీథిమీదుగ బోవునప్పుడు త్రాగవలెనని తోచునో రోగియు సలహాదారుడును గలసి గుర్తించి, ఆ గంటకు వేఱు పని నేర్పఱుచుకొనవలెను. తిరుమలగిరి బారకులలోని తేనీటిగది చేసిన పనియు నదియే.

"కల్లు కాంపౌండు ముందునుండియే దినము నడచువాడు ఇంటనుండి యెట్లు మానగలడు? కొన్నినెలలు మూసియుంచినగాని వాడు మాఱడు" అని యనేకులందురు. ఈ యాక్షేపణకు అనుభవముతో నుత్తరము చెప్పవలెను. 1977లో లండనులో గ్రిఫిత్ ఎడ్వర్డ్సు మున్నగువారు 100 మంది వివాహితులైన త్రాగుబోతులను రెండు భాగములుచేసి, ఒక భాగమునకు ఒక్కమాఱు చక్కని సలహాను, రెండవ భాగమునకు అప్పటి పూర్తి చికిత్సను ఇచ్చి చూచిరి. ఏడాదికి రెండు భాగములకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. దీనివలన చికిత్స వ్యర్థమని కాదు; గౌరవముతో జేసిన మొదటి సంభాషణకే గొప్పబలము గలదని తెలియును. మన దేశముననే గోవాలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు వచ్చిన హానికరముగ త్రాగు పురుషులతో, వైద్యులు కాని శిక్షితులైన సలహాదారులు కొలదిమాఱులు మాటలాడిరి. 2017లో బ్రకటింపబడిన యా పరిశోధనలో మూడునెలలకు సలహా పొందినవారిలో 36 శాతము, పొందనివారిలో 26 శాతము మంది ఆ స్థితినుండి బయటపడిరి. పదిమందిలో నొకడు అధికముగ బాగుపడుట స్వల్పమని నవ్వువారుందురు. ఆ యొక్కని యింటిలోని బిడ్డల నడిగినచో నది స్వల్పమో కాదో చెప్పుదురు.

మూసియుంచుటను గూర్చి మఱియొక మాట. గదిలో మద్యము లేదు; కావున గదిలో మానుట సులభము. ఏనాటికైనను వాడు మరల ఆ వీథికే, ఆ స్నేహితులయొద్దకే, ఆ జీతపుదినమునకే రావలెను గదా. గదిలో నేర్చిన యీత ఏటిలో బనికిరాదు. బలాత్కారముగ బంధించి, కొట్టి మాన్పింతుమను గృహములు కొన్ని వ్యాపారమునకు వెలసినవి. 2017 మానసిక ఆరోగ్యరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యములవలన గలుగు స్థితులను మానసిక రుగ్మతలలో జేర్చి, అట్టి రోగికిని గౌరవము, హక్కులు గలవని ప్రకటించెను. చేర్చుకొనవలసినవారిని జేర్చుకొనుటకు మంచి వైద్యాలయములు కావలెను. కాని సంకెల చికిత్స కాదని కారాగృహముగల తిరుమలగిరి చిరకాలము క్రిందటనే నేర్చియుండవలసినది.

ఓ.పి. చికిత్స యింత సులభమైనచో రోగు లేల రారు? 2019లో భారతప్రభుత్వము ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కడు మాత్రమే ఏదో యొక చికిత్స పొందెను. ఆసుపత్రిలో జేరి చికిత్స పొందినవాడు 180 మందికి ఒక్కడు. రాకుండుటకు రెండు కారణములు గలవు: సిగ్గు, దూరము. తాటిచెట్టుక్రింద మజ్జిగ త్రాగినను కల్లనియే యందురని సామెత. మానసిక చికిత్సాలయపు మెట్లెక్కినవానిని అంతకంటె పెద్దమాట యందురు. త్రాగు స్త్రీకి ఈ సిగ్గు రెండింతలు. ఆమె లెక్కకే రాదు. ఇక అల్వాలులోని తాపీపనివాడు నగరమునకు ఆవలి పార్శ్వమున నున్న ఎఱ్ఱగడ్డకు బోయి వచ్చుటకు ఒకదినపు కూలి పోగొట్టుకొనవలెను. నెలకు నాలుగుమాఱులు పోవలసిన చికిత్సను వాడు రెండవమాఱే విడుచును. అప్పుడు మన మేమందుము? "వానికి బుద్ధిలేదు" అందుము.

ఇంతలో వ్యాధి రూపము మార్చుకొనుచున్నది. 2025 జూలైలో కూకటుపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి కొందఱు మరణించిరి; అనేకు లాసుపత్రుల పాలైరి. ఆ యేటనే సెప్టెంబరులో, అల్వాలునకు సమీపమున నున్న బోయినపల్లిలో, పాఠశాల నడచుచున్న భవనమునందే ఆల్ప్రజోలం తయారుచేయు సామగ్రి పట్టుబడెను. పలకపట్టిన పిల్లల గదుల ప్రక్కన కల్లులో గలుపు మందు కాగుచుండెనన్న వార్త విని నగరము నివ్వెఱపోయెను. నేరస్థులను బట్టుట పోలీసుల పని; వారది చేయవలసినదే. కాని ఆ కల్లునకు అలవాటుపడినవారి పే రే నేరపత్రములోను ఉండదు. దుకాణము మూతపడిననాటి రాత్రి వారికి ఫిట్సు వచ్చును. ముట్టడికి వాహనము బయలుదేరునప్పుడే సమీప ఆరోగ్యకేంద్రమునకు వార్త యందవలెను, మందు సిద్ధముగ నుండవలెను. 1985నాటి మాదకద్రవ్యముల చట్టమునందే స్వచ్ఛందముగ చికిత్సకు వచ్చు వ్యసనపరునికి కొన్ని నియమములకు లోబడి రక్షణ గలదు. ఈ సంగతి గంజాయికి లోనైన యువకులకును, వారిని దాచి యేడ్చు తల్లులకును దెలియదు. తెలిపినచో ఎందఱో భయమువీడి వత్తురు.

ఏమి చేయవలెనో మా మనసున దోచినది విన్నవింతుము. 2022 ఏప్రిలు 26వ తేదిన అల్వాలులో గొప్ప సర్కారు ఆసుపత్రికి శంకుస్థాపన జరిగెను. గుండెకు, మూత్రపిండములకు విభాగములు కోరినట్లే వ్యసనచికిత్స ఓ.పి.నిగూడ ప్రజలు కోరవలెను. దాని తలుపుపై వ్యసనమను పేరైన నవసరము లేదు. సాధారణ రోగుల వరుసలోనే వారును నిలిచినచో సిగ్గు సగము తగ్గును. అది సాయంకాలమున గూడ తెఱచియుండవలెను. కూలివాని గడియారమును వైద్యుడు గౌరవింపవలెను. బస్తీ దవాఖానాలలో సలహాదారుని నియమించి, కఠినమైన రోగిని మాత్రము పై యాసుపత్రికి బంపవలెను. చికిత్స పొందుచున్నవానిని యజమాని పనినుండి తొలగింపరాదు. మద్యము మానినవారి సమావేశములకు గుడియో, చర్చియో, మసీదో, గ్రంథాలయమో వారమున కొకగది యీయవలెను. ఖర్చులేని యీ పుణ్యమునకు సమానమైనది మఱియొకటి లేదు. 14446 అను సంఖ్యకు వ్యసనములను గూర్చియు, 14416 అను సంఖ్యకు మానసిక బాధలను గూర్చియు ఫోను చేసి సలహా పొందవచ్చును. ఈ రెండు సంఖ్యలును ప్రతి కల్లు కాంపౌండు గోడపైన వ్రాయింపవలెను. ఆబ్కారీ రాబడిలో ఇంతభాగము చికిత్సకని చట్టముచేతనే నిర్ణయింపవలెను.

మరల త్రాగినవానిని గూర్చి యొకమాట చెప్పి విరమింతుము. బాగుపడుచున్నవా డొకనాడు తూలి యింటికి వచ్చును. ఇంటివారు "చెప్పలేదా" అందురు, ఇరుగుపొరుగువారు నవ్వుదురు, వాడు సిగ్గుచే ఓ.పి.కి బోవుట మానును. ఎందఱో చెడునది ఆ దినముననే. ఆరిన జ్వరము మరల వచ్చినచో వైద్యునియొద్దకు మఱింత త్వరగ బోవుదుము గాని రోగిని వెలివేయము గదా. లష్కరు రెండు శతాబ్దములుగ త్రాగువానికి సారాయి నమ్మెను, కారాగృహము గట్టెను, పన్ను వేసెను, నిషేధము విధించెను, సడలించెను. అల్వాలులో నీతని యింటికి నడచిపోగల దూరమున, మరల వచ్చినను విసుగుకొనని వైద్యుడు కూర్చుండు గది యొకటి యేర్పడుటకు మాత్రము ఇంకను మన మడుగవలసియున్నది. అది యేర్పడువఱకు అడుగుట మానరాదు.